అటెండెంట్ చేతికి సిరంజి: బాధ్యత ఎవరిది?

దేశ రాజధానిలోను, పొరుగునున్న గుర్గావ్, నోయిడా, ఘజియాబాద్‌లలోను మంచం పట్టిన వృద్ధులకు ఇంటివద్దనే సేవ చేసే అటెండెంట్లకు గిరాకీ పెరుగుతోంది. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో పగలు, రాత్రి రోగి పక్కన ఉండేది వీరే. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం, మలమూత్రాలు శుభ్రపరచడం వీరి పని. ఏజెన్సీలు చెప్పి పంపేదీ ఇంతవరకే. అయితే రోగి ఇంట అడుగుపెట్టిన తర్వాత ఈ జాబితా క్రమంగా పెరుగుతుంది. ఇన్సులిన్ ఇవ్వడం, ముక్కు గొట్టం ద్వారా ఆహారం పోయడం, మూత్రపు గొట్టం మార్చడం, ఆక్సిజన్ పెంచడం, తగ్గించడం కూడా వారి నెత్తిన పడుతున్నాయి. కాదంటే మర్నాడు మరొకరు వస్తారన్న భయం వారి నోరు నొక్కుతోంది.

ఇవి చూడడానికి చిన్న పనులే. కానీ మన దేశంలో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు అనే రెండు గాఢతలలో లభిస్తుంది. వీటికి సిరంజిలు వేరు. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో కొలిచి ఇస్తే రోగి శరీరంలోకి రెండున్నర రెట్లు మందు చేరుతుంది. ముక్కు గొట్టం శ్వాసనాళంలోకి జారిన సంగతి గమనించకపోతే పోసిన పాలు ఊపిరితిత్తులకు చేరుతాయి. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారికి ఆక్సిజన్ అవసరానికి మించి ఇవ్వడమూ అపాయమే. జనరల్ నర్సింగ్ కోర్సు మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు సాగడం ఊరకనే కాదు.

ప్రభుత్వాలకు ఈ తేడా తెలియనిది కాదు. కరోనా మూడో విడత భయంతో 2021 జూన్‌లో అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ 5,000 మంది యువతకు ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయం ద్వారా రెండు వారాల శిక్షణ ఇప్పించి ఆరోగ్య సహాయకులుగా తీర్చిదిద్దుతామని ప్రకటించారు. ఇంటర్మీడియట్ స్థాయి చదువు ఉంటే చాలన్నారు. అదే నెల 18న ప్రధాని నరేంద్ర మోదీ లక్ష మందికి ఇటువంటి స్వల్పకాలిక శిక్షణను ప్రారంభించారు. ఢిల్లీ పథకంలో సహాయకులు సొంతంగా నిర్ణయాలు తీసుకోరని, డాక్టర్లు, నర్సులకు తోడుగా మాత్రమే ఉంటారని స్పష్టం చేయడం గమనార్హం. మహమ్మారి వేళ సైతం పాటించదలచిన ఆ హద్దు మామూలు రోజులలో నాలుగు గోడల మధ్య చెరిగిపోతోంది.

అర్హతకు మించిన పని ఆస్పత్రులకూ కొత్త కాదు. తూర్పు ఢిల్లీ వివేక్ విహార్‌లోని ఒక ప్రైవేటు శిశు ఆస్పత్రిలో 2024 మే 25 రాత్రి జరిగిన అగ్నిప్రమాదంలో పసికందులు మరణించారు. అక్కడ విధుల్లో ఉన్న ఆయుర్వేద పట్టభద్రులకు నవజాత శిశువుల అత్యవసర చికిత్సకు తగిన అర్హత లేదని పోలీసులు పేర్కొన్నారు.

నర్సును పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదన్న వాదనను తోసిపుచ్చలేము. అయితే ఆ కొరతను అటెండెంటు చేత పూరించడం పరిష్కారం కాదు. పొరపాటు జరిగిననాడు కుటుంబం ఏజెన్సీని వేలెత్తి చూపుతుంది. ఏజెన్సీ అటెండెంటును చూపుతుంది. ప్రాణం పోయేది రోగిది, నేరం మోసేది అందరికంటే తక్కువ జీతగాడు.

నర్సింగ్ వృత్తి నియంత్రణకు పార్లమెంటు 2023లో కొత్త చట్టం చేసింది. ఇంటి పనివారిని కుదిర్చే ఏజెన్సీలు నమోదు చేయించుకోవాలని ఢిల్లీ ప్రభుత్వం 2014లోనే ఉత్తర్వు జారీచేసింది. రోగి సేవకు మనుషులను పంపే ఏజెన్సీల విషయంలో అంతకంటే గట్టి నిబంధనలు అవసరం. అటెండెంటు చేయదగిన పనులు, చేయరాని పనులు ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. చేయరాని పనిని నిరాకరించినందుకు ఉద్యోగం పోరాదు. సూది, గొట్టం అవసరమైన ఇళ్లకు నర్సును నిర్ణీత వేళల్లో పంపే బాధ్యత ఏజెన్సీ వహించాలి. నేర్పదగిన పనులను నర్సు పర్యవేక్షణలో నేర్పి, నేర్చినవారికి వేతనం పెంచాలి.

నేర్పని పనిని చేయించుకోవడం పొదుపు కాదు. ఆ పొదుపు మూల్యం ఎంతో ఏదో ఒక రాత్రి రోగి పక్కన తెలుస్తుంది.