ఆడనని చెప్పిన ఆటగాడు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు "కష్టపడి చదవండి, పైకి రండి" అని రాద్దామనుకున్నాను. ప్రతి ఏడూ ఎవరో ఒక అన్న అదే రాస్తాడు. పదో తరగతిలో ఉన్నప్పుడు నేనూ అదే చదివాను. పైకి రమ్మన్నవాళ్ళే గాని, వచ్చాక ఏం చేయాలో చెప్పినవాళ్ళు లేరు. అందుకే ఈసారి ఒక ఇంగ్లండు క్రికెటర్ గురించి రాస్తున్నాను. మన హాస్టల్లో క్రికెట్ అంటే అన్నం బెల్లు కూడా వినపడని వాళ్ళున్నారు కదా, వాళ్ళయినా చదువుతారని నా ఆశ.

ఆయన పేరు డేవిడ్ షెపర్డ్. స్కోరు 111 దగ్గర ఒంటికాలి మీద గెంతే అంపైరు కాదు, ఆ పేరుతోనే అంతకు ముందున్న ఇంకొకాయన. 1929లో పుట్టారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ జట్టుకు ఆడారు, 1952లో కెప్టెన్ కూడా అయ్యారు. ఆ ఏడు ఇంగ్లండు సీజనులో 2,262 పరుగులు చేసి సగటుల పట్టికలో మొదట నిలిచారు. మన దేశం మీద ఓవల్ టెస్టులో 119 కొట్టిందీ ఆ ఏడే. 1953లో ససెక్స్ కౌంటీకి కెప్టెన్‌గా ఉండి జట్టును చాంపియన్‌షిప్‌లో రెండో స్థానానికి తెచ్చారు. 1954లో పాకిస్తాన్ మీద రెండు టెస్టులకు ఇంగ్లండు కెప్టెన్సీ చేశారు. మొత్తం 22 టెస్టులు, 1,172 పరుగులు, 3 శతకాలు. ఇదీ ఆయన రికార్డు. మంచి రికార్డే, కానీ నేను రాసేది దాని గురించి కాదు.

అప్పటి ఇంగ్లండు క్రికెట్‌లో ఆటగాళ్ళు రెండు రకాలు. పెద్ద చదువులు చదివి, డబ్బు కోసం కాకుండా ఆడేవాళ్ళు 'జెంటిల్మెన్'. జీతానికి ఆడేవాళ్ళు 'ప్లేయర్లు'. ఇద్దరూ ఆడేది ఒకే జట్టుకు. కానీ చాలా మైదానాల్లో బట్టలు మార్చుకునే గదులు వేరు, మైదానంలోకి వచ్చే దారులు కూడా వేరు. స్కోరు కార్డు మీద జెంటిల్మన్‌కు ఇంటిపేరుకు ముందు పొడి అక్షరాలు వేసేవారు, ప్లేయరుకు తరువాత వేసేవారు. ఒకసారి లార్డ్స్‌లో జీతానికి ఆడే ఫ్రెడ్ టిట్మస్ పేరు పొరపాటున జెంటిల్మన్ పద్ధతిలో అచ్చయితే, తప్పును సరిదిద్దుకోమని మైకులో ప్రకటించారట! ఈ తేడాను 1962లో గాని ఎత్తేయలేదు.

ఎం.ఏ. చరిత్ర చదువుతూ లైబ్రరీలో ఈ సంగతి చూసినప్పుడు నవ్వొచ్చింది. తరువాత నవ్వు ఆగిపోయింది. 1911లో మన దేశపు జట్టుతో ఇంగ్లండు వెళ్ళి 114 వికెట్లు తీసిన పల్వంకర్ బాలూ గారు గుర్తొచ్చారు. అంతటి బౌలరుకు పుణెలో తోటి ఆటగాళ్ళు టీ ఎలా ఇచ్చేవారో తెలుసా? లోపలికి పిలవకుండా బయటే, మట్టి ముంతలో. ఇంగ్లండులో ఉన్నది వర్గం, మన దగ్గర ఉన్నది కులం. రెండూ ఒకటే అనను. జీతానికి ఆడే లెన్ హటన్ 1952లో ఇంగ్లండు కెప్టెన్ కాగలిగారు. బాలూ గారిని మాత్రం హిందూ జట్టుకు కెప్టెన్‌ను చేయలేదు. గోడ ఎత్తులో తేడా ఉంది, కట్టిన బుద్ధి మాత్రం ఒక్కటే.

షెపర్డ్ ఆ గోడకు పైవైపున పుట్టిన మనిషి. అయినా ఏం చేశారు? 1955లో చర్చి గురువుగా దీక్ష తీసుకున్నారు. తరువాత లండను తూర్పు భాగంలో రేవు కూలీలుండే కానింగ్ టౌను పేటకు కాపురం వెళ్ళి పదేళ్ళకు పైగా అక్కడే పనిచేశారు. 1960లో దక్షిణాఫ్రికా జట్టు ఇంగ్లండుకు వచ్చింది. తెల్లవాళ్ళను మాత్రమే ఎంపిక చేసే ఆ జట్టుతో నేను ఆడనని ఆయన బహిరంగంగా చెప్పారు.

1968లో అసలు పరీక్ష వచ్చింది. బేసిల్ డి ఒలివేరా కేప్‌టౌనులో పుట్టిన మిశ్రమజాతి ఆటగాడు. సొంత దేశం ఆడనివ్వకపోతే 1960లో ఇంగ్లండు చేరి, కష్టపడి 1966లో ఇంగ్లండు జట్టులోకి వచ్చారు. 1968 ఆగస్టులో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 కొట్టారు. అయినా దక్షిణాఫ్రికా పర్యటనకు ఎంపిక చేయలేదు. టామ్ కార్ట్‌రైట్ గాయంతో తప్పుకున్నాక ఆయన స్థానంలో తీసుకుంటే, ఆ జట్టును రానివ్వబోమని దక్షిణాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ చెప్పాడు. పర్యటన రద్దయింది.

అప్పటి పర్యటనలు నడిపేది ఎం.సి.సి. క్లబ్బు. షెపర్డ్ అందులో సభ్యుడు. కమిటీ నడిచిన తీరు తప్పని 1968 డిసెంబరులో ప్రత్యేక సమావేశం పెట్టించి తీర్మానాలు ప్రవేశపెట్టారు. ఆయనను బలపరిచింది మైక్ బ్రేర్లీ. ఆయనదీ కేంబ్రిడ్జే, మిడిల్‌సెక్స్ కౌంటీ. అప్పటికి వయసు 26. ఇంకా ఒక్క టెస్టు కూడా ఆడలేదు. పెద్దలకు కోపం వస్తే జట్టు తలుపు మూసుకుపోయే వయసు. అయినా లేచి నిలబడ్డారు.

తీర్మానాలన్నీ వీగిపోయాయి. మరి అంతా వృథా అయిందా? 1970లో దక్షిణాఫ్రికా జట్టు మళ్ళీ ఇంగ్లండుకు రావాల్సి ఉంటే, షెపర్డ్ అధ్యక్షుడిగా 'ఫెయిర్ క్రికెట్ కాంపెయిన్' నడిచింది. మైదానాల దగ్గర నిరసన చేసిన విద్యార్థులూ ఎందరో ఉన్నారు. ఆ ఏడు మే నెలలో ఆ పర్యటన రద్దయింది. దక్షిణాఫ్రికా అంతర్జాతీయ క్రికెట్‌లోకి తిరిగి వచ్చింది 1991లోనే, మన కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో. బ్రేర్లీకి 1976లో టెస్టు జట్టులో చోటు వచ్చింది. 31 టెస్టులకు కెప్టెన్‌గా ఉండి 18 గెలిపించారు. షెపర్డ్ లివర్‌పూల్ బిషప్ అయ్యి 2005లో కన్నుమూశారు.

"అన్నా, ఆయన ఉన్నవాళ్ళ బిడ్డ. కాదంటే ఆయనకేం పోతుంది? మనకు అలా కుదురుతుందా?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నాన్న చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఉద్యోగం రాకముందే నోరు విప్పితే ఏమవుతుందో అన్న భయం నాకూ ఉంది. డి ఒలివేరా గారు కూడా ఆ రోజుల్లో పెద్దగా మాట్లాడలేదు, బ్యాటుతోనే చెప్పారు. ఆయనను నేను తప్పు పట్టను. దెబ్బ తిన్నవాడే లేచి కేకలు వేయాలనడం అన్యాయం. అక్కడ నిలబడడానికి కాస్త జాగా ఉన్నవాళ్ళు మాట్లాడాలి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. డిగ్రీ రెండో ఏడు సంక్రాంతికి ఒక ఊళ్ళో టోర్నమెంటుకు వెళ్ళాను. టౌను జట్టుతో వెళ్ళాను కాబట్టి నా కులం అక్కడెవరికీ తెలియదు. మా జట్టులోనే మన హాస్టల్ తమ్ముడొకడు బౌలరు. వాడిది ఆ పక్క ఊరే, వాడెవరో అందరికీ తెలుసు. విరామంలో నాకు స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చారు. వాడికి దోసిట్లో పోశారు. వాడు తాగుతూ నా వంక చూశాడు. నేను తల తిప్పుకుని గ్లాసు ఖాళీ చేసి బ్యాటింగుకు పోయాను. 41 కొట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ 41 ఇప్పటికీ నా గొంతులో అడ్డంగానే ఉంది.

నాకప్పుడు నిలబడడానికి జాగా ఉంది. గ్లాసు కింద పెట్టి "నాకూ దోసిట్లోనే పోయండి" అంటే చాలు. అన్నం పెట్టిన హాస్టల్ పేరు చెప్పడానికి కూడా ఆ రోజు భయపడ్డాను. చదువు నాకు ఇంగ్లీషు నేర్పింది, ప్యాంటు ఇస్త్రీ చేసుకోవడం నేర్పింది. కాదనడం మాత్రం నేర్పలేదు. అది మనమే నేర్చుకోవాలి.

డిగ్రీలు, ఉద్యోగాలు మనకు రావాలి. అందులో రెండో మాట లేదు. కానీ వచ్చిన గ్లాసు పట్టుకుని పక్కవాడి దోసిలి చూడకుండా తాగేస్తే, ఆ గోడకు ఇంకో ఇటుక పెట్టినవాళ్ళమవుతాం. మనలో ఒకడికి గ్లాసివ్వని చోట మనమెవరం ఆడవద్దు. తీర్మానం వీగిపోతే పోనీ, మనం పెట్టామని పుస్తకంలో ఉంటుంది.

మొన్న సంక్రాంతికి ఆ తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి క్షమించమని అడిగాను. వాడిప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. నవ్వి, "ఆ రోజు నువ్వు మొదటి బాలుకే అవుటవ్వాలని మొక్కుకున్నానన్నా" అన్నాడు. ఇద్దరం ఒకే చెంబుతో నీళ్ళు తాగాం.

— హాస్టల్ పూర్వ విద్యార్థి,
ఎం.ఏ. (చరిత్ర) ద్వితీయ సంవత్సరం