కట్ట ఆయనదే కావచ్చు, కట్ట కింద ఊరు మనది

దోహా సనయ్యా నుంచి రాజంపేట వైపు అన్నలకూ తమ్ముళ్లకూ, ఊళ్లో ఉన్న పెద్దలకూ రాస్తున్నాం. పోస్టు పొడుగ్గా ఉంది. డ్యూటీ దిగాక మూడు రాత్రులు రూమ్‌లో నలుగురం కూర్చుని రాసుకున్నాం. కాస్త ఓపిక పట్టండి. తిట్టాలనుకున్నవాళ్లు కూడా చదివాకే తిట్టండి.

సంగతి ఇది. మా ఊరి పైన గుట్టల మధ్య నుంచి వచ్చే వాగుకి అడ్డంగా ఒకాయన మట్టికట్ట పోయించాడు. నాలుగేళ్లయింది. ఆయన పేరు గానీ ఊరి పేరు గానీ రాయడం లేదు, మా ఇంట్లోవాళ్లు రోజూ ఆ దారినే నడవాలి గదా. ఆయనా ఒకప్పుడు మనలాగే గల్ఫ్‌లో కష్టపడినవాడే. మొదట మామిడితోటకి నీళ్లన్నాడు. మంచిదే అనుకున్నాం. తర్వాత చేపలు వదిలాడు. ఆ తర్వాత కట్ట మీద నాలుగు గదులు, రెండు తొక్కుడు బోట్లు, ట్యూబులు, శని ఆదివారాల్లో డీజే. తలకింత అని టికెట్టు. కడప నుంచి, తిరుపతి నుంచి కార్లేసుకుని వస్తున్నారు. ఆ రీల్సుకి ఇక్కణ్ణుంచి లైకులు కొట్టింది మేమే. లీవులో పోయినప్పుడు పిల్లల్ని ఎత్తుకుని ఆ బోటెక్కి ఫొటోలు దిగిందీ మేమే. లైఫ్ జాకెట్ ఏదీ అని ఒక్కరం అడగలేదు. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాం.

పోయిన వానలకి మా తమ్ముడొకడు కట్ట చుట్టూ తిరిగి వీడియో తీసి పంపాడు. రూమ్‌లో అందరం మూడుసార్లు చూశాం. అలుగుకి అడ్డంగా ఇనప వల కట్టారు, చేపలు కొట్టుకుపోకుండా. (మేం మరవ అంటాం, రూమ్‌లో జగిత్యాల తమ్ముడు మత్తడి అంటాడు. పేరేదైనా ఎక్కువైన నీళ్లు పోయే దారి అదొక్కటే.) ఆ వలకి కంప, ఆకులు, ప్లాస్టిక్ బాటిళ్లు పట్టుకుని దారి సగం పూడిపోయింది. నీళ్లు కట్ట అంచుకి జానెడు కింద ఉన్నాయి. కట్ట వెనకవైపు సర్కారు కంప ఏపుగా పెరిగింది, పందికొక్కుల బొక్కలున్నాయి. కట్ట అడుగున ఒకచోట నీళ్లు ఊరుతున్నాయి, అదీ మట్టి రంగులో. తేటనీళ్లు ఊరితే కొంత నయం. మట్టినీళ్లు ఊరుతున్నాయంటే కట్ట లోపలి మన్ను కరిగి బయటికొస్తోందని. మేం ఇంజినీర్లం కాదు. కానీ ఏళ్లకేళ్లు గుంతల్లో, పైపులైన్లలో పనిచేసిన మనుషులం. మన్ను ఎప్పుడు కూలుతుందో పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

ఆయనకి ఫోన్ చేసి మర్యాదగానే అడిగాం. "అన్నా, ఆ వల తీయించు, ఒకసారి ఇంజినీరుకి చూపించు" అన్నాం. "నా పొలం, నా కట్ట, నా దుడ్లు. దోహాలో కూర్చుని మీరు నాకు చెప్తారా" అన్నాడు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం.

నీ పొలమే అన్నా, కాదనం. రెండు గట్లూ నీ పట్టాలో ఉండొచ్చు. వాగు ఎవరి పట్టాలోనూ ఉండదు, అది పోరంబోకు. సరే, పట్టా సంగతి పక్కన పెడదాం. కట్ట తెగితే ఆ నీళ్లు నీ సర్వే నంబరు చూసుకుని ఆగుతాయా? నీ ఇల్లు రాజంపేట టౌన్లో, మూడో అంతస్తులో. కట్ట కింద ఉన్నది కాలనీ, అంగన్‌వాడీ, మా అమ్మానాయనలు. లాభం నీ జేబుకి, ముప్పు వాళ్ల గుమ్మానికి. దీన్ని సొంత ఆస్తి అంటే ఎట్లా ఒప్పుకోవాలి?

మన రాజంపేట వాళ్లకి ఇంత వివరంగా చెప్పాల్సి రావడమే బాధ. 2021 నవంబర్ 19 మరిచిపోయామా? పైన పింఛా కట్ట తెగింది, ఆ నీళ్లు చెయ్యేరులోకి వచ్చి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టని ఊడ్చుకుపోయాయి. గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. గేట్లన్నీ ఎత్తితే 2 లక్షల 17 వేల క్యూసెక్కులు వదలగల డ్యామ్‌కి, వచ్చిన వరద 3 లక్షలు దాటింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు. కార్తీక పౌర్ణమి దీపాలు పెట్టుకునే వేళ ముప్పై మందికి పైగా పోయారు. ఆ రోజు మేం ఇక్కడ ఫోన్లు పట్టుకుని, రింగు కూడా పోని నంబర్లకి మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చున్నాం. అది మళ్లీ మా వల్ల కాదు.

"అది పెద్ద డ్యామ్ బ్రో, ఇదెంత?" అని గ్రూపులో ఒకరు పెట్టారు. మా క్యాంపు గేటు దగ్గర సెక్యూరిటీ చేసే కెన్యా అన్నని అడగండి చెప్తాడు. 2018 మే 9 రాత్రి వాళ్ల దేశంలో సొలాయ్ అనే చోట పటేల్ డ్యామ్ తెగింది. ప్రైవేటు ఎస్టేటులో కట్టుకున్న మట్టి డ్యామ్. కింద ఉన్నవాళ్లు నలభై మందికి పైగా చచ్చిపోయారు, అందులో పిల్లలు చాలామంది. అది శ్రీశైలం కాదు, నాగార్జునసాగర్ కాదు. ఒక పొలం గలాయన కట్ట, అంతే.

వల సంగతి మాకు ఇంకా భయం. అమెరికాలో జాన్స్‌టౌన్ పైన సౌత్ ఫోర్క్ డ్యామ్ ఉండేది. పిట్స్‌బర్గ్ కోటీశ్వరుల క్లబ్బు దాన్ని కొని, చేపలు పట్టుకోవడానికి, పడవల్లో తిరగడానికి వాడుకుంది. బగ్గీలు పోవడానికి కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకి ఇనప జాలీలు బిగించారు. 1889 మే 31న వాన కుమ్మేసింది. జాలీలకి చెత్త పట్టింది. ఆఖరి గంటల్లో కూలీలు ఆ చెత్త లాగడానికి ఎంత పెనుగులాడినా కుదరలేదు. 2,200 మందికి పైగా చనిపోయారు. కోర్టులో ఆ క్లబ్బుని ఎవరూ ఏమీ చేయలేకపోయారు. 130 ఏళ్లు దాటాయి, మన ఊళ్లో అదే వల, అదే చేప.

చట్టం చూసుకోదా అంటారు. 2021లోనే కేంద్రం ఆనకట్టల భద్రతా చట్టం తెచ్చింది. అందులోకి రావాలంటే డ్యామ్ 15 మీటర్లు దాటాలి, లేదంటే 10కీ 15కీ మధ్య ఉండి ఇంకొన్ని షరతులకి సరిపోవాలి. మా ఊరి కట్ట ఆరు మీటర్లుంటుందేమో. అంటే ఆ చట్టం లెక్కలో అది లేనట్టే. నీళ్లకి ఈ మీటర్ల లెక్క తెలీదు గదా. చట్టం ఆగిన చోట పంచాయతీ నిలబడాలి, తహసీల్దారు నిలబడాలి.

ఇక ఈతలూ బోట్లూ. కట్టకి కావాల్సిన మన్ను ఎక్కణ్ణుంచి తీశారు? లోపలి నుంచే, జేసీబీతో. అంటే నీళ్ల కింద గుంతలున్నాయి. మొలలోతులో ఆడుకుంటున్న పిల్లోడు ఒక అడుగు పక్కకేస్తే రెండాళ్ల లోతు. పైన చూస్తే నీళ్లు ఒకేలా ఉంటాయి. 2025 జనవరిలో సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌లో సరదాగా దిగిన హైదరాబాద్ కుర్రాళ్లు అయిదుగురు మునిగిపోయారు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న మన ఇంజినీరింగ్ పిల్లలు 24 మందిని, లార్జి డ్యామ్ నుంచి సరైన హెచ్చరిక లేకుండా వదిలిన నీళ్లు లాక్కుపోయాయి. వాళ్లందరూ ఈత రాని మొండోళ్లేం కాదు. అక్కడ ఏముందో చెప్పేవాడు లేడు, అంతే.

కతార్ గొప్పదని చెప్పడానికి రాయడం లేదు, ఇక్కడి సంగతులు మాకు బాగా తెలుసు. కానీ ఒక్కటి. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 10 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. ఎండ, ఉక్క, గాలి కలిపి కట్టే లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. 2021లో వచ్చిన రూలు ఇది, ఊరికే రాలేదు, చాలామంది రాలిపోయాక ప్రపంచమంతా గొడవ చేస్తే వచ్చింది. ఆ గీత దాటితే ఆపమని సేఠ్‌ని అడిగే హక్కుంది. మా సైట్లో మనిషి లోతు గుంతలోకి దిగాలన్నా పర్మిట్ మీద సంతకం కావాలి. మా ప్రాణానికి ఇక్కడ ఒక గీత ఉన్నప్పుడు, మా పిల్లల ప్రాణానికి సొంత ఊళ్లో గీత ఉండొద్దా?

మన పెద్దలకి ఈ గీతలు తెలుసు. కడప జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు ఉంది, 1369 నాటి శాసనం ఉంది. చెరువుకి ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని రాతి మీద చెక్కించారు. కట్ట నుంచి నీళ్లు ఊరడం ఆ దోషాల్లో ఒకటి. ప్రతి చెరువుకీ నీరుగంటి ఉండేవాడు, అర్ధరాత్రి వానలో కూడా కట్ట మీద తిరిగేవాడు. ఈ కట్టకి టికెట్లు చింపేవాడున్నాడు, డీజే కొట్టేవాడున్నాడు, నీరుగంటి లేడు.

మూసేయమని మేం అనడం లేదు. మాలో ఒకరి బామ్మర్దే అక్కడ బోట్ల దగ్గర పనిచేస్తున్నాడు, ఆ జీతం పోవాలని ఎవరికుంటుంది? అక్టోబర్ తుఫాన్లు రాకముందే వల తీయాలి. కంప కొట్టించి, బొక్కలు పూడ్చాలి. ఇరిగేషన్ ఏఈ వచ్చి ఊట చూసి, కట్ట నిలుస్తుందో లేదో కాగితం మీద రాసివ్వాలి. కట్టకి ఎర్ర గీత గీయాలి. నీళ్లు గీత తాకితే తూము ఎత్తి, బోట్లు గట్టుకి లాగి, కాలనీలో దండోరా వేయించాలి. గుంతలున్న చోట తాడు కట్టాలి, బోటెక్కే ప్రతి మనిషికీ జాకెట్ ఇవ్వాలి. దుడ్లు లేవంటావా అన్నా, వల తీసే కూలీ మేం పంపుతాం. మొదటి ఇరవై జాకెట్లు మా చీటీ డబ్బుతో కొంటాం. ఇరవై ఒకటోది మాత్రం నీదే.

వచ్చే శుక్రవారం ఊరి టైము రాత్రి 9 గంటలకి గ్రూప్ కాల్ పెడుతున్నాం. దోహా, కువైట్, సౌదీలో ఉన్న మన ఊరివాళ్లంతా ఎక్కండి. సర్పంచ్ అన్నా, నువ్వు కూడా లైన్లోకి రా. పోయినసారి లాగా ఛార్జింగ్ లేదనొద్దు.