16 తర్వాత ఎంత?

మా పాలమూరుతోనే మొదలుపెడతా. 2016 అక్టోబరు దాకా ఒకటే జిల్లా. రంగారెడ్డికీ వికారాబాద్‌కీ పోయిన మండలాలు పక్కనపెడితే, అప్పుడు 4 అయ్యింది. 2019లో నారాయణపేట విడిపోయి 5. మరి 1, 4, 5... తర్వాత ఎంత? నవ్వకండి, మన ఆప్టిట్యూడ్ పరీక్షల్లో అడిగేదీ ఇలాంటిదే. లెక్క కాదు, పేపర్ పెట్టినాయన మనసులో ఏముందో చెప్పాలి.

కొన్నేళ్ల కింద నల్లగొండ దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీకి క్యాంపస్ సెలెక్షన్లకి పోయాను. మా పేపర్లో 1, 2, 4, 8, 16, తర్వాత ఖాళీ. కీలో 32. ఒకబ్బాయి 31 రాశాడు, ఒక్క మార్కుతో పోయింది. అడగడానికొచ్చాడు. "డబుల్ చేసుడే గద తమ్మీ, గింత చిన్నది తప్పు చేసినవేంది?" అన్నాను, పెద్ద మేధావిలాగా.

కాగితం మీద గుండ్రం గీశాడు. "సార్, అంచు మీద ఒక్కో చుక్క పెంచుకుంట, అన్నిటిని గీతలతోని కలిపితే ముక్కలు 1, 2, 4, 8, 16 అయితయి. ఆరో చుక్కకు 31. మీరే లెక్కపెట్టుండ్రి."

లెక్కపెడితే నాకు 30 వచ్చింది! చుక్కలు సమదూరంలో పెట్టాను మరి, మూడు గీతలు నడుమ ఒకేచోట కలిశాయి. అలా కలవకుండా జరిపితే, నిజమే, 31.

అంతెందుకు, కోచింగ్ సెంటర్లో చెప్పే తేడాల పద్ధతి పట్టండి. తేడాలు 1, 2, 4, 8. వాటి తేడాలు 1, 2, 4. ఆపైన 1, 2. చివరికి 1. ఆ 1 మారదనుకుని వెనక్కి కూడుకుంటూ వస్తే వచ్చేది 31, 32 కాదు. ఆమాటకొస్తే మీకిష్టమైన ఏ అంకె వేసినా దానికి సరిపోయే పాలినామియల్ ఒకటుంటుంది. నీల్ స్లోన్ అనే ఆయన 1964 నుంచి ఇలాంటి వరుసలు పోగేశాడు. ఆ ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియాలో ఈ ఐదంకెలు కొడితే రెండు జవాబులూ వస్తాయి.

"వేలమంది రాసే పరీక్షలో కారణాలు ఎవరు దిద్దుతారు?" అంటారు. దిద్దకండి. 'ప్రతి అంకె ముందుదానికి రెట్టింపు' అని ఒక్క ముక్క ప్రశ్నలోనే రాయండి. మరీ తేలికైపోతుందా? అయితే ఇంకో ప్రశ్న వెతుక్కోండి. టెస్టర్ బగ్ వేస్తే "స్పెక్‌లో లేదు" అని మీద పడేది మనమే కదా!

ఆరోజు హెచ్చార్‌కి చెప్పాను, కీ మార్చడం కుదరదన్నారు. నేనూ గట్టిగా అడగలేదు, హైదరాబాద్ బస్సు టైమైపోతోందని. మరుసటేడు పేపర్లో కూడా అదే ప్రశ్న వచ్చింది.