చేతిపట్టీ కన్నా ముందు వాటా లెక్క

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఆర్లండోలో, 2017 మే నెలలో యూనివర్సల్ సంస్థ వోల్కెనో బే అనే వాటర్ పార్కు తెరిచింది. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరి చేతికీ ఉచితంగా ఒక పట్టీ ఇస్తారు. పేరు టాపుటాపు. స్లైడు దగ్గరున్న స్తంభానికి దాన్ని ఆనిస్తే ఎంతసేపు ఆగాలో పట్టీ మీదే కనిపిస్తుంది. ఈలోగా ఈత కొట్టొచ్చు, ఏమైనా తినొచ్చు, పిల్లల్ని ఆడించుకోవచ్చు. వంతు రాగానే మణికట్టు మీద పట్టీ అదురుతుంది.

ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చినవి రెండు. తడిబట్టలతో తిరిగే చోట ఫోను అక్కర్లేదు కాబట్టి, ఫోను వాడటం రాని తాతగారూ ఏడేళ్ళ మనవరాలూ ఒకేలా వంతు తీసుకుంటారు. పైగా ఒక మనిషికి ఒకసారికి ఒకే స్లైడు. నాలుగింట్లో ముందే చోటు పట్టేసుకుని పక్కవాడికి లేకుండా చేసే వీలు లేదు.

అయినా తెరిచిన కొత్తలో అక్కడ వంతు కోసం గంటలు గంటలు ఆగాల్సి వచ్చింది. నిలబడే అవస్థ తప్పింది, ఎదురుచూపు తప్పలేదు. వరుసలో నిలబడనివాళ్ళు మరెక్కడో ఒకచోట ఉండాలి కదా, కొలనుల దగ్గరా తిండి దగ్గరా రద్దీ పెరిగింది. స్లైడు మీదికి గంటకు ఎంతమందిని పంపగలరో ఆ సంఖ్యను ఏ పట్టీ పెంచలేదు. ఆ ఉన్న చోటును ఎవరికి ఎప్పుడు ఇవ్వాలన్నదే అది చెబుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక రైడు గంటకు 1,200 మందిని ఎక్కించుకోగలదు అనుకుందాం. మామూలు వరుసలో 600 మంది ఉంటే చివరి మనిషికి అరగంటలో వంతు వస్తుంది. ఆ 1,200 లో 900 చోట్లు వేరే దారిలో వచ్చేవాళ్ళకి కేటాయిస్తే, మామూలు వరుసకి గంటకు మిగిలేది 300. అదే చివరి మనిషి ఇప్పుడు రెండు గంటలు నిలబడాలి. రైడు మారలేదు, అతని ముందున్న మనుషులూ మారలేదు. మారింది వాటా ఒక్కటే. ముందు వెళ్ళినవాళ్ళకి మిగిలిన సమయం ఎవరిదో ఈ లెక్కలో తెలుస్తుంది.

ఈ వాటా ఎలా చేతులు మారుతుందో తెలుసుకోవాలంటే ఆ ఊరి దగ్గరే ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్ కథ చూడాలి. 1999 లో డిస్నీ ఫాస్ట్‌పాస్ మొదలుపెట్టింది. రైడు దగ్గరి యంత్రంలో ప్రవేశ టికెట్ పెడితే ఒక కాగితం వచ్చేది, ఏ గంటలో తిరిగి రావాలో దాని మీద ఉండేది. అదనపు రుసుము లేదు. పొద్దున్నే వచ్చినవాళ్ళకి, ఇంటిల్లిపాది టికెట్లూ పట్టుకుని యంత్రం దగ్గరికి పరుగెత్తగలిగినవాళ్ళకి లాభం. ఇందులోనూ అసమానత ఉంది. కానీ ఆ రోజు పార్కుకి వచ్చిన ఎవరైనా అందుకోగలిగినదే.

2013 లో మేజిక్‌బ్యాండ్ వచ్చింది. రేడియో చిప్ ఉన్న ఈ పట్టీతో హోటల్ గది తలుపు తెరవొచ్చు, పార్కులోకి వెళ్ళొచ్చు, కొన్నవాటికి డబ్బు కట్టొచ్చు, రైడు రిజర్వేషను చూపించొచ్చు. ఈ మొత్తం ఏర్పాటుకి సుమారు 100 కోట్ల డాలర్లు ఖర్చయిందని అప్పట్లో పత్రికలు రాశాయి. కాగితాల బదులు ఫాస్ట్‌పాస్ ప్లస్ అమల్లోకి వచ్చింది. డిస్నీ హోటళ్ళలో దిగేవాళ్ళు 60 రోజుల ముందు, మిగతావాళ్ళు 30 రోజుల ముందు మూడు రైడ్లకి సమయం ఎంచుకోగలిగేవారు. డబ్బు అడగలేదు కాబట్టి దీన్నీ ఉచితమే అన్నారు. కానీ కొత్తగా వచ్చిన పెద్ద రైడ్లలో చోట్లు ముందే అయిపోయేవి. ఆ వారమే ప్రయాణం ఖాయమైన కుటుంబానికి మిగిలేది పొడుగాటి మామూలు వరుసే. ముందుచూపుకీ ఖరీదైన హోటల్ గదికీ వాటా పెరిగింది, అప్పటికప్పుడు వచ్చినవాళ్ళకి తగ్గింది.

2021 అక్టోబరులో ఉచితం పూర్తిగా పోయింది. డబ్బు కట్టి ముందు వెళ్ళే పద్ధతిని జీనీ ప్లస్ పేరుతో మనిషికి రోజుకు 15 డాలర్లతో మొదలుపెట్టి, తర్వాత రద్దీని బట్టి ధర మార్చారు. 2024 చివర్లో వచ్చిన, అంతకన్నా ఖరీదైన ప్రీమియర్ పాస్ ధర రద్దీ రోజుల్లో మేజిక్ కింగ్‌డమ్ పార్కులో మనిషికి 400 డాలర్లు దాటింది. అంటే పాతికేళ్ళలో ఆ చోటు తెల్లవారుజామున లేచినవాళ్ళ చేతిలోంచి ముందే బుక్ చేసుకున్నవాళ్ళకీ, వాళ్ళ దగ్గరి నుంచి డబ్బు పెట్టగలవాళ్ళకీ వెళ్ళింది. ప్రతి మలుపులోనూ యంత్రాలు మెరుగయ్యాయి. మామూలు వరుసలో నిలబడే మనిషికి ఎంత చోటు మిగిల్చాలన్నది మాత్రం సంస్థ తనలో తాను నిర్ణయించుకుంది.

వినోదం అమ్ముకునే సంస్థకి ఆ హక్కు ఉంది, నచ్చనివాళ్ళు వెళ్ళకుండా ఉండొచ్చు. మనకి ఈ కథ ముఖ్యమయ్యేది తిరుమల వల్ల. మేజిక్‌బ్యాండ్ రాకముందే అక్కడ సుదర్శనం కంకణాలు ఉండేవి, దర్శనానికి ఏ వేళకి రావాలో చెప్పే పట్టీని భక్తుల చేతికి కట్టేవారు. ఈ విషయంలో మనం ఎవరికన్నా వెనుకబడి లేము. ఇప్పుడు ఉచిత సర్వదర్శనానికి టైమ్‌స్లాట్ టోకెన్లు ఉన్నాయి, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉంది, బ్రేక్ దర్శనాలు ఉన్నాయి. అన్ని వరుసలూ చేరేది ఒకే గర్భగుడి ముందుకి. అక్కడ గంటకి ఇంతమందే అన్న హద్దు ఏ రైడుకన్నా కఠినమైనది.

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు పోయాయి. క్యూ బాధ తగ్గించడానికి పెట్టిన టోకెనే మరో క్యూకి కారణమైతే ఎంత ఘోరం జరుగుతుందో ఆ రాత్రి చూశాం. కాబట్టి మొదటి పాఠం ఇది: టోకెను కోసం జనం ఒక్కచోట గుమిగూడకూడదు. వోల్కెనో బేలో వంతు తీసుకునే స్తంభాలు పార్కంతా ఉంటాయి, ఎవరూ ఒకే కౌంటరు ముందు తోసుకోరు. రైల్వే స్టేషన్లలో, బస్టాండ్లలో, జిల్లా కేంద్రాల్లో రోజంతా టోకెన్లు దొరికితే ఒక రాత్రి ఒక గేటు మీద భారం పడదు.

రెండోది, ఆన్‌లైన్ ఒక్కటే దారి కాకూడదు. నెలల ముందు తేదీ పట్టుకోగలిగేది సెలవు ముందే ఖాయమయ్యే ఉద్యోగి. కూలిపని చేసుకునేవాళ్ళూ ఫోను వాడటం తెలియనివాళ్ళూ వచ్చిన రోజే చోటు అడుగుతారు. వాళ్ళ కోసం ప్రతి రోజూ కొంత భాగం పక్కన పెట్టాలి. బుక్ చేసుకుని రానివాళ్ళ చోటు కూడా సర్వదర్శనం వరుసకే చేరాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆ రోజు ఎంతమంది దర్శించుకున్నారో, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోందో దేవస్థానం రోజూ చెబుతూనే ఉంది. గంటగంటకీ ఏ వరుసకి ఎన్ని చోట్లు ఇచ్చారో కూడా అలాగే ప్రకటించాలి. సర్వదర్శనం వాటా ఇంతకన్నా తగ్గకూడదని ముందే నిర్ణయించి, పెద్ద పండుగ రోజున కూడా దానికి కట్టుబడాలి. వాటా రహస్యంగా ఉన్నచోట అది సిఫారసు ఉన్నవాళ్ళ వైపో డబ్బున్నవాళ్ళ వైపో జరుగుతూ పోతుంది. డిస్నీలో జరిగింది అదే.

కొత్త పట్టీలకో, కొత్త యాప్‌కో, కెమెరాలకో ఏ దేవస్థానమైనా టెండరు పిలిచే ముందు ఈ వాటా పట్టికను భక్తుల ముందు పెట్టాలి. దర్శనం కోసం క్యూ కంపార్ట్‌మెంట్‌లో పది గంటలుగా కూర్చున్న తల్లికి, తన చోటు ఎవరికి ఎంత వెళ్ళిందో తెలుసుకునే హక్కు ఉంది.