పంటి క్యాపు, వంటింటి కాటా

పోయిన సంక్రాంతికి వారం ముందు కింది దవడ పన్ను ఒకదానికి క్యాపు వేయించుకున్నాను. వేసిన రోజే తేడా తెలిసింది. నోరు మూస్తే ముందు ఆ ఒక్క పన్నే తగులుతోంది, మిగతావన్నీ గాల్లో ఉన్నాయి. డాక్టరు గారు రంగు కాగితం పెట్టి కొరికించారు, అరగదీశారు, మళ్లీ కొరికించారు, మళ్లీ అరగదీశారు. చివరికి "ల్యాబ్ వాళ్లు ఎత్తుగా చేశారండీ, వెనక్కి పంపేద్దాం" అన్నారు. పండక్కి ఊరెళ్లి, అరిసె కొరకలేని కోపంతో, కనిపించిన ప్రతివాళ్ల దగ్గరా ఆ ల్యాబ్ వాళ్లని తిట్టిపోశాను.

మా మేనత్త కొడుకు మాత్రం నవ్వాడు. "నువ్వు తిట్టేది మమ్మల్నే బావా!" అన్నాడు. బావ విజయవాడ సూర్యారావుపేటలో ఒక డెంటల్ ల్యాబ్‌లో టెక్నీషియన్. పదేళ్లుగా అదే పని. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్లలో అసలు ఆ పనేంటని నేను ఒక్కసారి కూడా అడిగిన పాపాన పోలేదు. కనుమ నాడు ప్రయాణం కూడదని అత్తయ్య ఆపేసింది కాబట్టి మర్నాడు బయల్దేరి బావతో ల్యాబ్‌కి వెళ్లాను. రెండు రోజులు అక్కడే కూర్చున్నాను. ఈ కాలమ్‌లో మామూలుగా యాప్‌ల గురించి రాస్తుంటాను కదా, ఈ వారం యాప్‌ల కంటే కాటా గురించే ఎక్కువ రాయాల్సి వస్తోంది. డెంటల్ మెకానిక్స్ డిప్లొమా చేస్తున్నవాళ్లు, కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లు ఉంటే ఇది మీ కోసమే. మిగతావాళ్లు కూడా చదవండి, ఏదో ఒక రోజు క్యాపు మీకూ పడుతుంది.

పని క్లుప్తంగా ఇదీ. డాక్టరు నోట్లోంచి ఇంప్రెషన్ తీస్తారు, అంటే పళ్ల అచ్చు. ల్యాబ్‌లో అందులో స్టోన్ పోసి పళ్ల మోడల్ తయారుచేస్తారు. పై మోడల్‌నీ కింది మోడల్‌నీ కలిపి బిగించి, వాటి మీద క్యాపు చేస్తారు. మొదటి మెట్టులో తప్పు జరిగితే ఆ తర్వాత ఎంత గొప్పగా చేసినా ఆ తప్పు మీదే చేసినట్టు. మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. కాకపోతే మాకు ఎర్రర్ మెసేజ్ వస్తుంది. వీళ్లకి ఎర్రర్ మెసేజ్ అంటే నాలాంటివాడు కుర్చీలో కూర్చుని "ఎత్తుగా ఉంది సార్" అనడమే. అప్పటికి వారం గడిచిపోయి ఉంటుంది. రీమేక్ ఖర్చు ల్యాబ్ మీద పడుతుంది, మాట టెక్నీషియన్ పడతాడు.

నేను మొదట చూసింది స్టోన్ కలపడం. ల్యాబ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, ముప్ఫై ఏళ్ల అనుభవం. రబ్బరు గిన్నెలో నీళ్లు పోసి, పౌడరు వేసి, గరిటె తిప్పి, అది జారే తీరు చూసి "చాలు" అంటారు. ఆయనకి ప్రతిసారీ సరిగ్గానే వస్తుంది. ఆయన్ని చూసి కొత్త కుర్రాళ్లు కూడా కంటి కొలతే పట్టారు. వాళ్లకి రాదు. పల్చగా ఉంటే మరో చెంచా పౌడరు, గట్టిపడితే మరో చుక్క నీళ్లు. సగం గడ్డకట్టడం మొదలైన దాంట్లో నీళ్లు పోస్తే ఇక ఆ మోడల్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

లెక్క చాలా సులువు. 100 గ్రాముల మామూలు ప్లాస్టర్‌కి సుమారు 50 మిల్లీలీటర్ల నీళ్లు, డెంటల్ స్టోన్‌కి సుమారు 30, డై స్టోన్‌కి 20 నుంచి 24. కంపెనీని బట్టి కాస్త మారుతుంది, కాబట్టి ప్యాకెట్ మీద ఉన్నదే ఫైనల్. నీళ్లు ఎక్కువైతే మోడల్ బలహీనమవుతుంది, అంచులు రాలతాయి. తక్కువైతే గడ్డకట్టేటప్పుడు మామూలు కంటే ఎక్కువ ఉబ్బుతుంది, పైగా చిక్కగా ఉండి అచ్చులో మూలలకి వెళ్లదు. ఇంత లెక్కకి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. వంటింట్లో కేకుల కోసం వాడే చిన్న డిజిటల్ కాటా చాలు. ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము తూగుతాయి కాబట్టి నీళ్లకి వేరే కొలగ్లాసు కూడా వద్దు. గిన్నె పెట్టి సున్నా చేయండి, 60 గ్రాముల నీళ్లు పోయండి, మళ్లీ సున్నా చేయండి, 200 గ్రాముల స్టోన్ వేయండి. నీళ్లు ముందు, పౌడరు తర్వాత. తలకిందులు చేస్తే అడుగున ఉండలు కడుతుంది, గాలి చిక్కుకుంటుంది. కాటాని ఒక పల్చటి పాలిథిన్ కవర్లో పెట్టి వాడండి, లేకపోతే నెలలోపే మీటల సందుల్లో ప్లాస్టర్ దిగుతుంది.

పోసేటప్పుడు వైబ్రేటర్ మీద అచ్చుని పెట్టి ఒకే మూల నుంచి కొంచెం కొంచెంగా వదలాలి. స్టోన్ ఒక పన్నులోంచి ఇంకో పన్నులోకి పాకుతూ గాలిని ముందుకు తోసుకుంటూ పోతుంది. అన్ని వైపుల నుంచీ ఒకేసారి పోస్తే గాలికి దారుండదు.

ఇక్కడే నా క్యాపు గుట్టు తెలిసింది. బావ ఒక మోడల్ తీసి, నా ఫోన్ అడిగి, కెమెరా మాక్రోలో పెట్టి దవడ పన్ను మీద చూపించాడు. నమిలే చోట ఆవగింజలో సగం కూడా లేని ఒక బొడిపె. డాక్టరు తీసిన అచ్చులో చిన్న గాలి బుడగ ఉంటే, ఆ గుంటలోకి స్టోన్ వెళ్లి మోడల్ మీద ఇలా బొడిపె అవుతుంది. దాన్ని గీకేయకుండా పై మోడల్‌నీ కింది మోడల్‌నీ కలిపారనుకోండి, బొడిపె అడ్డొచ్చి రెండూ పూర్తిగా మూసుకోవు. ఆ ఖాళీని టెక్నీషియన్ క్యాపుతో నింపేస్తాడు. ల్యాబ్‌లో చూస్తే అంతా సరిగ్గా కొరుకుతున్నట్టే ఉంటుంది. నోట్లో బొడిపె ఉండదు, అందుకే క్యాపు ఎత్తు. "నీది కూడా ఇదే అయ్యుంటుంది బావా, వందపాళ్లు చెప్పలేనుగానీ" అన్నాడు. కాబట్టి మోడల్స్ కలిపే ముందు ఫోన్ మాక్రోతోనో భూతద్దంతోనో ప్రతి పన్ను పైభాగం ఒక్క నిమిషం చూడండి, కనిపించిన బొడిపెని సన్నటి బ్లేడుతో తీసేయండి. రంగు కాగితం కూడా చూసి వాడండి. 200 మైక్రాన్ల మందం కాగితంతో అన్ని చోట్లా మరకలే పడతాయి. ముందు మందందైనా ఫర్వాలేదు, చివరి చెకింగ్‌కి మాత్రం పల్చటిది వాడాలి.

ఇంకో విలన్ ఎండ. ఆల్జినేట్‌తో తీసిన అచ్చులో ఎక్కువ భాగం నీళ్లే. గాలికి వదిలేస్తే ఎండి కుంచించుకుపోతుంది, నీళ్లలో ముంచి పెడితే పీల్చుకుని ఉబ్బుతుంది. ఎంత తొందరగా స్టోన్ పోస్తే అంత మంచిది. అలాంటిదాన్ని మే నెల విజయవాడ ఎండలో, బైక్ ముందు కవర్లో వేలాడదీసుకుని, నాలుగు క్లినిక్‌లు తిరిగి తెస్తే ఇంకేం మిగులుతుంది? తడిపి పిండిన టిష్యూ చుట్టి, జిప్ ఉన్న కవర్లో పెట్టి మూయడం కనీసం చేయాల్సిన పని. అంతకంటే మేలు, క్లినిక్‌లోనే స్టోన్ పోయించి మోడల్ తెచ్చుకోవడం. స్టోన్ పోశాక 45 నిమిషాల నుంచి గంటలోపు అచ్చులోంచి మోడల్ విడదీయాలి. రాత్రంతా అలాగే వదిలేస్తే ఆల్జినేట్ ఎండి మోడల్ పైపొరని చెడగొడుతుంది. దీనికి ఫోన్‌లోని టైమర్ చాలు, ఒక్కోదానికి కేసు నంబరు పేరుగా పెట్టుకుంటే నాలుగైనా కలిసిపోవు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది, ఫోటోలు. పంటి రంగు చెప్పడానికి షేడ్ గైడ్ అని పళ్ల నమూనాల వరస ఉంటుంది. ఎక్కువ మంది వాడే వీటా క్లాసికల్‌లో ఏ1 నుంచి డీ4 దాకా 16 రంగులు. డాక్టరు గారు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. వాట్సాప్ ఆ ఫోటోని నొక్కి చిన్నది చేస్తుంది, పంటి అంచులో ఉండే సన్నటి తేడాలు ముందు అక్కడే పోతాయి. ఫోటోని గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు, రీమేక్ కంటే ఇది చవక. షేడ్ ముక్క పంటి పక్కనే, పంటికి సమానమైన దూరంలో ఉండాలి, దాని మీది నంబరు ఫోటోలో కనబడాలి. బ్యూటీ మోడ్ తీసేయాలి (నవ్వకండి, అలా తీసిన ఫోటోలు నాకు అక్కడే చూపించారు). పగటి వెలుతురులో, పని మొదలెట్టకముందే తీయాలి. నోరు చాలాసేపు తెరిచి ఉంటే పన్ను ఎండి అసలు కంటే తెల్లగా కనిపిస్తుంది. మొహం రాకుండా పళ్ల వరకే తీసి, పేషెంట్ పేరు బదులు కేసు నంబరు పెడితే ఇంకా మంచిది. ఆ ఫోటోలు టెక్నీషియన్ల ఫోన్లలో పెళ్లి ఫోటోల మధ్య ఏళ్ల తరబడి పడి ఉంటున్నాయి.

పంటి నంబర్లలో కూడా ఒక గమ్మత్తు ఉంది. మన దగ్గర ఎక్కువగా వాడే ఎఫ్‌డీఐ పద్ధతిలో 26 అంటే పైన ఎడమ వైపు మొదటి పెద్ద దవడ పన్ను. అమెరికా వాళ్ల యూనివర్సల్ పద్ధతిలో అదే 26 కింద కుడి వైపు ఉండే ముందు పళ్లలో ఒకటి. విదేశీ క్లినిక్‌ల పని చేసే ల్యాబ్‌లో చేరితే మొదటి రోజే ఏ పద్ధతో అడగండి, డిజైన్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ కూడా చూసుకోండి. ఆర్డర్ కాగితం మీద నంబరుతో పాటు "పైన ఎడమ" అని రెండు మాటలు రాయించుకుంటే గొడవే లేదు.

సాఫ్ట్‌వేర్ దగ్గర నాకు కొంచెం ఊపొచ్చింది. ఎక్సోకాడ్, త్రీషేప్ లాంటివి ల్యాబ్ కొనాలి, మనం కొనలేం. కానీ ఇంట్లో చెయ్యి తిప్పుకోవడానికి బ్లెండర్ ఉచితమే. స్కాన్‌లో వచ్చిన దవడని తిప్పి చూడటం, రంధ్రాలు పూడ్చడం, కోయడం దానితోనే నేర్చుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. స్కాన్లు వచ్చే ఎస్‌టీఎల్ ఫైలులో కొలతకి యూనిట్ ఉండదు, వట్టి అంకెలే. మిల్లీమీటర్లని సాఫ్ట్‌వేర్ అంగుళాలనుకుంటే దవడ 25.4 రెట్లు పెరిగి ఏనుగు దవడ అవుతుంది. అంత పెద్ద తప్పు ఎలాగూ కంటికి కనిపిస్తుంది. భయపెట్టేది చిన్న తప్పు. జిర్కోనియాని సుద్దలా మెత్తగా ఉన్నప్పుడే చెక్కి, తర్వాత సుమారు 1500 డిగ్రీల దగ్గర కాలుస్తారు. అప్పుడు దాదాపు 20 శాతం కుంచించుకుపోతుంది. అందుకే ముందే పెద్దదిగా చెక్కుతారు. ఎంత పెద్దదిగా అన్నది ఆ డిస్క్ మీదే రాసి ఉంటుంది, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మారుతుంది. 1.25 ఉన్న డిస్క్‌కి పాత డిస్క్‌ది 1.22 వదిలేశారనుకోండి, 10 మిల్లీమీటర్ల క్యాపు పావు మిల్లీమీటరు చిన్నదైపోతుంది. కంటికి ఆనదు, పంటికి ఎక్కదు. డిస్క్ మార్చిన ప్రతిసారీ ఆ అంకె పైకి చదివి కొట్టండి.

ఇవన్నీ నోట్ చేసుకుంటూ సంబరపడుతుంటే రెండో రోజు మధ్యాహ్నం అన్నం దగ్గర అక్క, అంటే బావ భార్య, నెమ్మదిగా అంది: "ఆ కొలతలు సరేగానీ తమ్ముడూ, ఈయన దగ్గు గురించి కూడా ఏమన్నా చెప్పు."

ఆ మాటతో సాయంత్రం ల్యాబ్‌ని వేరే కళ్లతో చూశాను. మెటల్ అరగదీసే చోట, పోతపోసిన అచ్చులు పగలగొట్టి ఇసుకతో కొట్టే చోట, బల్ల మీద, కిటికీ ఊచల మీద, బావ కనుబొమల మీద అదే తెల్లటి పొడి. పోతపోసే ఇన్వెస్ట్‌మెంట్ పౌడర్లో సిలికా ఉంటుంది. ఆ సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది, వచ్చాక వెనక్కి తీసుకెళ్లే మందు లేదు. ఇది క్వారీ వాళ్లకే అనుకుంటాం. 1994 నుంచి 2000 మధ్య ఐదు రాష్ట్రాల్లో 9 మంది డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్లకి అది వచ్చినట్టు అమెరికా సీడీసీ 2004లోనే రాసింది. కొన్ని నికెల్ క్రోమియం లోహాల్లో బెరీలియం కూడా ఉంటుంది, దాని ధూళి ఇంకా ప్రమాదం. డబ్బా మీద బెరీలియం లేదని రాసి ఉన్నదే తెప్పించమని ఓనరు గారిని అడగడం తప్పేం కాదు.

బావ మూతికి కట్టుకునేది సర్జికల్ మాస్క్. అది ఎదుటివాడి మీద మన తుంపర్లు పడకుండా ఆపేది, ఈ ధూళిని కాదు. ఎన్95 కావాలి, అది చర్మానికి అతుక్కుని ఉండాలి. గడ్డం ఉంటే అంచుల్లోంచి లీకే. బావకి పెళ్లప్పటి నుంచీ గడ్డం. మాస్క్ కంటే ముందు అరగదీసే చోటే ధూళిని లాగేసే సక్షన్ ఉండాలి. ఉన్నదాని ఫిల్టర్ బ్యాగ్ ఎప్పుడు మార్చారో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. అచ్చు పగలగొట్టే ముందు తడపండి. బల్ల పొడి బ్రష్‌తో ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి. పని అయ్యాక ఎయిర్ గన్‌తో చొక్కా దులుపుకోవడం అక్కడ అందరికీ అలవాటు. పగలంతా బల్ల మీద కూర్చున్నది మళ్లీ మొహంలోకే వస్తుంది. కట్టుడు పళ్ల అక్రిలిక్ లిక్విడ్‌ని వట్టి చేత్తో ముట్టుకోవద్దని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను, వేళ్లు పగిలాక చెప్పి లాభం లేదు.

వచ్చే ముందు బీసెంట్ రోడ్డులో ఒక కాటా, ఒక డబ్బా ఎన్95 కొని బావ చేతిలో పెట్టాను. ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమని, డాక్టరుకి మాత్రం ఏం పని చేస్తావో మొదటే చెప్పమని ఒట్టు వేయించుకున్నాను. నాకు రెండో క్యాపు వచ్చింది, సరిపోయింది. మొన్న బావ వీడియో కాల్ చేశాడు. గడ్డం లేకపోయేసరికి ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను. ఎక్స్‌రే సంగతి అడిగితే "శనివారం వెళ్తున్నా" అన్నాడు. వెనకాల నుంచి అక్క "పోయిన శనివారమూ ఇదే మాట" అంటోంది. ఆ గొడవలోకి నన్ను లాగకుండా బావ గబగబా టాపిక్ మార్చేశాడు: "అవునుగానీ బావా, పెద్దాయన కూడా మొన్నటి నుంచి కాటా మీదే తూస్తున్నారు. దాని బ్యాటరీ అయిపోయింది. ఏ సెల్లు వేయాలి?"