తువ్వాలు కార్డు చూసి మెచ్చుకోవడమేనా?

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో ‘పచ్చని అయిదు నక్షత్రాలు’ వ్యాసం చదివాను. అందులోని హోటల్ బాధ్యత గలదని తేల్చడానికి వ్యాసకర్తకు దొరికిన సాక్ష్యం స్నానాలగదిలో ‘తువ్వాళ్లు మళ్లీ వాడండి’ కార్డు, లాబీలో హరిత భవనాలకిచ్చే లీడ్ ధ్రువపత్రం. ఆ కార్డుల బండారాన్ని అమెరికాలో పర్యావరణవేత్త జే వెస్టర్‌వెల్డ్ 1986లోనే బయటపెట్టాడు. ఇక లీడ్ ప్రధానంగా భవనానికి ఇచ్చేది. పక్కలు మార్చే కాంట్రాక్టు మనిషికి పీఎఫ్ కడుతున్నారా, హోటల్ బోర్ల వల్ల పక్క ఊరి బావులు ఎండాయా అన్నది అందులో కనబడదు.

కేరళలో వేంబనాడు సరస్సులోని నెడియతురుత్తు దీవి సంగతి చూడండి. అక్కడి 54 విల్లాల కాపికో రిసార్టు తీరప్రాంత నిబంధనలకు విరుద్ధమని హైకోర్టు 2013లో తేల్చింది, 2020లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. కట్టిన విల్లాలు కూల్చక తప్పలేదు. కోర్టుకెక్కింది పర్యాటక రచయితలు కాదు, ఆ నీళ్లలో వలలు కట్టుకుని బతికే మత్స్యకారులు. హోటల్‌ని పరీక్షించేవారు ముందు వెళ్లాల్సింది అలాంటి వాళ్ల దగ్గరికి, మేనేజరు గదికి కాదు.

గ్లోబల్ సస్టైనబుల్ టూరిజం కౌన్సిల్ ప్రమాణాలను కూడా వ్యాసం ప్రస్తావించింది, సంతోషం. అయితే ఆ సంస్థ నేరుగా హోటళ్లకు పత్రాలివ్వదు. తనిఖీ చేసిందెవరో, ఏ ఏడాదో రాయాలి కదా!

అన్నట్టు, మీ వ్యాసకర్త బస ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? అది ఎక్కడా కనబడలేదు.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం