పెరటిలో టొమాటో, ఇంటిలో బంగాళాదుంప

2023 జూలైలో టొమాటో ధర కిలో 100 రూపాయలు దాటినపుడు మా యింట చింతపండే ఆదుకొనినది. మదనపల్లె సరకు రానిచో మన కూరకు గతి లేదా? పెరడున్న సోదరీమణులు నాలుగు మొక్కలు వేసికొందురుగాక.

ఉయ్యూరు ప్రాంతమున దీనికి అదను వర్షములు వెనుకబట్టిన పిదపనే. ఆశ్వయుజమున నారు పోసి, 25 లేక 30 దినములకు నాటినచో పుష్య మాఘములలో పండ్లు చేతికి వచ్చును. వేసవిలో రాత్రులు చల్లబడవు గనుక పూత నిలువక రాలును. నల్లరేగడిలో నీరు నిలిచిన వేరు కుళ్లును. బోదె యెత్తుగా వేసి నాటవలెను. వంగ, మిరప పెరిగిన మడి పనికిరాదు. ఇవన్నియు నొకే కుటుంబమువి. ఒకదాని తెగులు వేఱొకదాని కంటును. ఒకనాడు ముంచి నాలుగునాళ్లు నీరు మఱచినచో కాయ అడుగు నల్లబడును.

బంగాళాదుంపయు నా కుటుంబమునదే గాని మన యెండ దానికి సరిపడదు, కొనుటయే గతి. వీరమ్మ తిరునాళ్లనాడు చౌకయని మేమొకమారు బస్తా కొని అటకపై వేయించితిమి. ఇంటిలో నంతకన్న వేడిచోటు లేదని తోచలేదు. వైశాఖమునాటికి సగము కుళ్లి నీరు కారెను. కిటికీ వెలుగు తగిలినవి పచ్చబడెను. చెక్కి వండుదమని అత్తగారనిరి, మేము వలదంటిమి. ఆ పచ్చదనముతోపాటు సొలనిన్ అను విషము పెరుగును, ఉడికించినను పోదు. పిల్లలున్న యింట పారవేయుటయే మేలు.

ఇప్పుడు పక్షమునకు చాలునన్నియే కొని, కడుగక, వెదురుబుట్టలో చీకటిమూల నుంచుచున్నాము. ఉల్లిపాయలు వేఱొక చోట. ఫ్రిజ్జులో పెట్టిన దుంపలోని పిండి చక్కెరగా మాఱి వేపుడు నల్లబడును. వారమునకొకమారు బుట్ట తిరుగవేసి మెత్తబడినదానిని తీసివేయుదుము.